బతికున్నవాడికి చావుడప్పు

ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 1941.

తమ్ముడు స్వామిదాసుకు మరియ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. మర్యాద కోసం అబద్ధం రాయలేను. మన ఇంట్లో క్షేమంగా ఉన్నది మేక ఒక్కటే. దానికి ఏ పక్షమూ లేదు.

బడికి సెలవులిస్తే అవ్వను చూద్దామని కామారెడ్డి నుంచి వచ్చాను. బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే తిరుగు బస్సు ఎప్పుడా అని అడిగాను. నువ్వు పట్టాళంలో చేరేనాటికి బాపుకూ చిన్నాయనకూ మాటలు మాత్రమే లేవు. ఇప్పుడు వాకిలి మధ్య తుమ్మకంప కంచె కూడా లేచింది. కంపకు అటు గంగారాం చిన్నాయన, ఇటు మన బాపు. పొద్దున లేచి ఇద్దరూ అదే కంపకు ఎదురెదురుగా కూర్చొని పండ్లు తోముకుంటారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

సంగతి నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నాను. వీళ్లు రోజుకొక కొత్త కారణం చెబుతున్నారు, అసలు కారణం మరిచిపోతామేమోనని నా భయం. పటేలు తల్లి పోయినప్పుడు డప్పుకు రమ్మని కబురు వచ్చింది. చిన్నాయన పోలేదు. "ఊర్ల ఎవడు సచ్చినా మనమే కొట్టాల్నా? నేను దేవుని మనిషిని, పటేలు మనిషిని గాదు" అని మిషను మందిరం ముందు, ఉపదేశిగారు చూస్తుండగా, తన డప్పు తోలును కత్తితో చీల్చేశాడు. బాపు ఒక్కడే పోయి కొట్టివచ్చాడు. "డప్పు మా నాయిన చేతిది. పటేలుదీ గాదు, ఉపదేశిదీ గాదు" అన్నాడు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజముంది. అదే నా కర్మ. ఒక్కడిదన్నా పూర్తిగా తప్పయితే తిట్టి నిద్రపోయేదాన్ని.

వాడంతా రెండయింది, డప్పు పక్షం, మందిరం పక్షం. నేను మిషను బడిలో పంతులమ్మను కాబట్టి బాపు పక్షం వాళ్లు నన్ను అటుదాన్నంటారు. బాపు బిడ్డను కాబట్టి మందిరం వాళ్లు ఇటుదాన్నంటారు.

ఇంక అవ్వ సంగతి. అమ్మ పోయాక మనల్నిద్దరినీ పెంచింది, వాళ్లిద్దరినీ కన్నది, ఈ వయసులో ఏం చేసిందో విను. కంప వేస్తుంటే తన మంచం తెప్పించి సరిగ్గా మధ్యన వేయించుకుంది. "నన్ను దాటి కంప ఏస్తరా? ఏస్కోన్రి" అంది. దాంతో కంచెలో మంచమంత సందు మిగిలింది. అవ్వ తల ఒక ఇంట్లో, కాళ్లు ఇంకో ఇంట్లో. తల ఎటుండాలనేదానికి మళ్లీ కొట్లాట. ఆదివారం ఆదివారం మంచం తిప్పుతున్నారు తమ్ముడూ, నవ్వకు.

అవ్వ ఇంక ఎక్కువ కాలం ఉండేట్టు లేదు. ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోతోంది. ఆమె కోరేది ఒక్కటే. "నేను పోయిననాడు నా కొడుకులిద్దరు పక్కపక్కన నిలవడి కొట్టాలె. మీ తాత పోయిననాడు గట్లనే కొట్టిన్రు. ఊరంత నిలవడి విన్నది." ఇది చిన్నాయనకు చెబితే, "పాటలు పాడుత, పార్థన జేస్త, డప్పు ముట్ట" అన్నాడు. బాపుకు చెబితే, "ఆడు ముట్టకుంటే అవ్వ పాడె లేవనియ్య" అన్నాడు.

నువ్వు చిన్నాయనకు ఒక్క ఉత్తరం రాయి. నీకు అక్షరాలు దిద్దించినవాడు, నీ మాట తీసేయడు. పటేలు కోసం కాదు, పోచమ్మ కోసం కాదు, కన్నతల్లి కోసం ఒక్కరోజు కొట్టమని రాయి. ఆలస్యం చేయకు.

నీ అక్క,
మరియ


ఊరి పేరు రాయకూడదు,
ఏప్రిల్ 1941.

అక్కకు స్వామిదాసు వందనాలు.

నీ ఉత్తరం అందింది. చదివి మడిచిపెట్టాను. మళ్లీ తీసి చదివాను, మళ్లీ కోపమొచ్చింది. నువ్వేం రాశావో చూడు. నేను దేశం కాని దేశంలో ఉన్నాను, చచ్చినవాళ్లను పక్కనబెట్టి చావబోయేవాళ్లను మోయడం నా పని. అయినా మన వాకిట్లో కంప నా కాలికే గుచ్చుకోవాలా?

నువ్వు రాసేలోపే బాపు ఎవరిచేతో ఉత్తరం రాయించాడు. చిన్నాయన సొంత దస్తూరీతో రాశాడు. ఇద్దరూ నా క్షేమం ఒక ముక్కలో అడిగి, అసలు సంగతికి వచ్చారు: నువ్వు ఎవరి వైపు? నేను ఇంగ్లీషువాళ్ల వైపు అని జవాబు రాశాను. బాపుకు కోపం వచ్చి ఉంటుంది. చిన్నాయనకు ఇంకా ఎక్కువ వచ్చి ఉంటుంది.

చిన్నాయనకు నేను రాయను. ఏం రాసినా అది ఒక పక్షం గెలిచినట్టే. బాపు ఆ కాగితం పట్టుకొని వాడంతా తిరుగుతాడు, "సూడున్రి, పట్టాళం పిల్లగాడు గూడ డప్పే అన్నడు" అని. అప్పుడు చిన్నాయన అవ్వ కోసం కొట్టేవాడు కూడా కొట్టడు. వాళ్లిద్దరి మొండితనం నాకు తెలియదా, అందులో సగం నాకూ వచ్చింది.

ఇక్కడ నా జోడీ భిక్నూరు సిద్ధిరాములు. గాయపడినవాళ్లను మోసే గుడ్డమంచానికి ముందు కర్రలు వాడివి, వెనుక కర్రలు నావి. కాపుల పిల్లవాడు, ఇంట్లో ఎడ్లూ బర్రెలూ ఉన్నాయి, ఎందుకొచ్చాడో వాడికే తెలియదు. రోజంతా తిండిని తిడతాడు, తిడుతూనే నా వంతు కూడా తింటాడు. కొండల మీద ఎక్కలేక దిగలేక మోశాం. ఇక్కడి యుద్ధం అయిపోయిందంటున్నారు. ఇంకోచోటికి తీసుకుపోతారట.

అవ్వకు నా ముద్దులు. మంచం తిప్పడం మానమను, ఆమెకు తల తిరుగుతుంది.

నీ తమ్ముడు,
స్వామిదాసు


కామారెడ్డి,
జూన్ 1941.

తమ్ముడు స్వామిదాసుకు,

ఇంగ్లీషువాళ్ల వైపు అని రాశావా? ఎంత తెలివి! నీ పోకిరి జవాబు వల్ల ఏం జరిగిందో తెలుసా? బాపు ఆ ముక్కకు అర్థం తీశాడు, దొరలు మిషనువాళ్లు కాబట్టి నువ్వు మందిరం పక్షమని. చిన్నాయనా అర్థం తీశాడు, పట్టాళంలో బ్యాండు మేళం ఉంటుంది కాబట్టి నువ్వు డప్పు పక్షమని. ఇద్దరూ నీమీద అలిగారు. ఒక్క మాటతో ఇద్దరినీ దూరం చేసుకున్నవాడివి నువ్వే.

వానలు మొదలయ్యాయి. అవ్వ మంచం మీద పైకప్పు వేయాలి కదా? బాపు తన వైపు సగం తాటాకులు కప్పాడు. చిన్నాయన తన వైపు సగం కప్పాడు. నడుమ జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి నీళ్లు నేరుగా అవ్వ బొడ్డు మీద పడుతున్నాయి. నేను పోయి ఇద్దరినీ నానామాటలూ అన్నాను. "ఆన్ని జరుపుమను" అని ఒకడు, "ఆన్నే జరుపుమను" అని ఒకడు. చివరికి చిన్నమ్మ రాజమణి తన చీరె చింపి ఆ సందులో కట్టింది. జొన్నగట్క కూడా ఆమే తెచ్చి తినిపిస్తోంది, చిన్నాయన చూడనప్పుడు ఇటు గడపదాకా వచ్చి బాపుకూ ఒక ముద్ద పెట్టిపోతోంది.

అవ్వ నీ ఉత్తరం చదవమంది. చిన్నాయనకు రాయనన్నావన్న మాట దాటేసి మిగతాది చదివాను. "చిన్నోనికి రాసిండా?" అని అడిగింది. రాస్తున్నాడన్నాను. నాచేత అబద్ధాలు ఆడిస్తున్నావు. ఒక్క ఉత్తరం, స్వామిదాసూ. చెయ్యి అరిగిపోతుందా? మీ బావ మిల్లు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చొని, "మీ ఇంటి సంగతులు జెప్పకు, తిన్నది అరగదు" అంటున్నాడు. నా బాధ నీకు కాక ఎవరికి రాయాలి?

నీ అక్క,
మరియ


ఊరి పేరు రాయకూడదు,
జూలై 1941.

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరం చదివే దొరకు తెలుగు వచ్చో రాదో, ఎక్కడ కత్తెర పడుతుందో నాకు తెలియదు. పడకపోతే నువ్వు అదృష్టవంతురాలివి, పడితే ఇంకా అదృష్టవంతురాలివి.

ఫ్రాన్సు దేశాన్ని జర్మనీ గెలిచిందని బావ పత్రికలో చదివే ఉంటాడు. ఆ తర్వాత ఫ్రాన్సువాళ్లు రెండు ముక్కలయ్యారు. ఓడిపోయాం, సంధి రాసుకున్నాం, ఇక నోరుమూసుకొని ఉందామన్నవాళ్లు ఒకరు. లొంగేది లేదని ఇంగ్లీషువాళ్లతో కలిసినవాళ్లు ఇంకొకరు. ఈ దేశం మొదటివాళ్ల చేతిలో ఉంది. మేము రెండోవాళ్లతో కలిసి దీని మీదికి వచ్చాం. అంటే నాకు ఎదురుగా ఉన్నదీ ఫ్రాన్సువాళ్లే, నా పక్కన ఉన్నదీ ఫ్రాన్సువాళ్లే. భాష ఒకటి, పాటలు ఒకటి, తిట్లు కూడా ఒకటే. నేను ఎక్కడికి పోయినా మన వాకిలి నాకంటే ముందే వచ్చి కూర్చుంటోంది.

మొదటిరోజు మా వైపు ఫ్రాన్సువాళ్లు కొందరు ఇనుప టోపీలు తీసేసి, తమ గుడ్డటోపీలు పెట్టుకొని, తెల్లగుడ్డ ఊపుకుంటూ ముందుకు నడిచారు. మమ్మల్ని చూస్తే గుర్తుపడతారు, కాల్చరు అని వాళ్ల నమ్మకం. గుర్తుపట్టారు. కాల్చారు. అందులో ఒకడిని నేనూ సిద్ధిరాములూ మోసుకొచ్చాం. కడుపులో తగిలింది. దారిపొడుగునా ఒకటే మాట అంటున్నాడు. నొప్పికి అమ్మను పిలుస్తున్నాడనుకున్నాను. గుడారం దగ్గర దొరను అడిగితే, "మనవాళ్లే, మనవాళ్లే" అంటున్నాడని చెప్పాడు. చీకటి పడేలోపు పోయాడు.

తరువాత పట్నం చుట్టూ తోటలు. పండ్ల చెట్లు, మట్టి గోడలు, గోడగోడకూ ఒక తుపాకి. మన పంజాబు వాళ్లు, రాజపుతానా వాళ్లు ఆ గోడల కింద ఎంతమంది పడ్డారో చెప్పలేను. గోడ దాటిస్తుంటే గుండు వచ్చి పేలింది. గుడ్డమంచం ముందు భాగం కిందికి వాలింది. "సరిగ్గ పట్టురా" అని అరిచాను. "పట్టెతందుకు చెయ్యి లేదు" అన్నాడు సిద్ధిరాములు. మామూలుగానే అన్నాడు అక్కా, అన్నం సరిపోలేదన్నట్టు. నేను వాడిని తిట్టిన తిట్టు నా నోట్లో ఇంకా అట్లాగే ఉంది.

సంధి కుదిరింది. రెండు వైపుల గాయపడినవాళ్లనూ మా గుడారంలోనే పెట్టారు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టుగానే ఒకరి మీద ఒకరు ఉమ్ముకుంటుంటే నడుమ దుప్పటి కట్టాను. నువ్వు నవ్వుతున్నావు, నాకు తెలుసు. కంప దొరక్క దుప్పటి కట్టాను. ఇటువాడికి దాహమైతే పిలిచాడు, నేను దూరంగా ఉన్నాను. అటువాడు దుప్పటి కిందినుంచి తన చెంబు జరిపాడు. తాగి తిరిగిచ్చాక ఆ చెంబు పుచ్చుకొని మళ్లీ తిట్టాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఓడినవాళ్లను ఇష్టమైతే ఇటు కలవమన్నారు, లేకపోతే ఓడ ఎక్కి ఇంటికి పొమ్మన్నారు. కలిసినవాళ్లు తక్కువ. ఇంతమందిని పూడ్చాక కూడా ఎవరి పక్షం వాళ్లదే.

నువ్వు గెలిచావు. రాస్తాను. చిన్నాయనా అని మొదలుపెట్టి ఆగిపోతున్నాను. తరువాతి టపాలో తప్పకుండా పంపుతాను. అవ్వను కాస్త ఓపిక పట్టమను.

ఇంకొకటి. ఇంకోచోటికి ఎడారిదారిన పోవాలి, బరువు తగ్గించుకోమన్నారు. నావి రెండు చొక్కాలు, కంబళి, బైబిలు మూటకట్టి సిద్ధిరాములుతో పంపుతున్నాను. వాడు ఇంటికి పోతున్నాడు. కామారెడ్డిలో దిగి నీ చేతికే ఇస్తానన్నాడు. కంబళి అవ్వకు కప్పు. మంచి ఉన్ని.

నీ తమ్ముడు,
స్వామిదాసు


ఎల్లారెడ్డి,
అక్టోబరు 1941.

ఒరేయ్ స్వామిదాసూ,

నీ జూలై ఉత్తరం నిన్న అందింది. ఎవరి కత్తెరా పడలేదు, నెలల తరబడి ఎక్కడో నిద్రపోయి వచ్చింది. దాన్ని కళ్లకద్దుకున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే ముందు నీ వీపు మీద నాలుగు వేసి తరువాత ఏడ్చేదాన్ని.

మూట పంపావా? మనిషి రాకముందు మనిషి బట్టలు పంపావా? మన వాడనుంచి బొంబాయి మిల్లులకు పోయినవాడు పోయాడన్న కబురు ఎట్లా వస్తుంది? టెలిగ్రాము వస్తుందా, ఉత్తరం వస్తుందా? బట్టల మూట వస్తుంది. హన్మవ్వ కొడుకుది అట్లాగే వచ్చింది, నువ్వే బస్సు దగ్గరికి పోయి తెచ్చావు. అంత తెలిసీ ఎట్లా పంపావురా?

సిద్ధిరాములుకు రైల్లో జ్వరం. కామారెడ్డిలో దిగే ఓపిక లేక, ప్లాటుఫారం మీద మన బస్సు డ్రైవరు హన్మంతు కనిపిస్తే కిటికీలోంచి మూట ఇచ్చాడు. "ఎల్లారెడ్డి మైసన్నకియ్యి" అని బాపు పేరు చెప్పాడు. "స్వామిదాసు బట్టలు" అన్నాడు. అని ఏడ్చాడు. సొంత ఊరి గాలి తగిలి, లేని చెయ్యి గుర్తొచ్చి ఏడ్చాడు పాపం. రైలు కదిలింది. హన్మంతు చూసింది పట్టాళపు మనిషి, మొండి చెయ్యి, కన్నీళ్లు, మూట. వాడు మాత్రం ఏమనుకుంటాడు? బస్సులో ఉన్నవాళ్లందరికీ చెప్పుకుంటూ పోయాడు. నాకు తరువాతి బస్సులో కబురొచ్చింది.

నేను ఎల్లారెడ్డిలో దిగేసరికే డప్పు వినిపిస్తోంది. చావు దెబ్బ. బాపే కొడుతున్నాడనుకున్నాను. కన్నకొడుకు చావుకు ఏ గుండెతో కొడుతున్నాడని వాడ మొదట్లోనే కూలబడ్డాను.

కొడుతున్నది బాపు కాదు. చిన్నాయన.

బాపు నీ చొక్కా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడట. పెద్ద డప్పు ఆయనది, ఆయన పట్టనిదే మిగతావాళ్లు పట్టరు. ఆయన చేతులు లేవలేదు. ఎవరూ కొట్టక వాడంతా చిన్నబోయి కూర్చుంటే, చిన్నాయన అటునుంచి వచ్చాడు. సందులోంచి రాలేదు, కంపను వట్టి చేతులతో పీకుకుంటూ వచ్చాడు. గోడకున్న బాపు డప్పు తీశాడు, గడ్డిమంట వేసి కాచాడు, చేతుల నెత్తురుతోనే కొట్టాడు. ఉపదేశిగారు పాటల పుస్తకంతో వచ్చి నోరుతెరిచి నిలబడ్డారు. చిన్నాయన ఆయన వైపు చూడను కూడా లేదు.

అవ్వ గుండె బాదుకొని ఏడుస్తోంది. నన్ను పట్టుకొని ఏడ్చి, ఉన్నట్టుండి ఆగి, "కొట్టేది చిన్నోడే గదా?" అంది. అవునన్నాను. "ఆని చెయ్యి మర్వలే" అంది. మళ్లీ ఏడుపు అందుకుంది. నాకు ఆమె మీదా కోపమొచ్చింది. మనవడు పోయిన రోజున ఇదా చూడడం అని.

రెండు రోజులకు సిద్ధిరాములు జ్వరం తగ్గి తనే వచ్చాడు. మంచంలో ఉన్న అవ్వకు దండం పెట్టి, "స్వామిదాసు ఉత్తరం ఏమన్న రాసిండా అవ్వా?" అని అడిగాడు. బాపు వాడి భుజాలు పట్టుకొని ఊపాడు. "ఆనికేమయింది? నాకంటె రెండు రొట్టెలు ఎక్కువనే తింటుండు" అన్నాడు వాడు.

ఇంక అందరూ కౌగిలించుకున్నారని రాయాలనుంది. ఒక పూట అదీ జరిగింది. మరునాడు బాపు, నా కన్నతండ్రి, నోరు కుట్టేసుకుంటే బాగుండే మనిషి, "ముట్టనన్నోడు ముట్టిండు" అని నలుగురిలో నవ్వాడు. ఎగతాళికి కాదు, సంతోషం పట్టలేక అన్నాడు. చిన్నాయనకు అట్లా వినిపించలేదు. అప్పటికే ఉపదేశిగారు, డప్పు ముట్టినందుకు, ఆయనను ప్రభువు బల్లకు వచ్చి రొట్టె తీసుకోవద్దన్నారు. "బతికున్నోనికి నాతోని సావుడప్పు కొట్టిచ్చిన్రు. ఇటు దేవుని దగ్గర లేకుంట జేసిన్రు, అటు నలుగుర్ల నవ్వులపాలు జేసిన్రు. ఇగ నా అవ్వ పోయినా కొట్ట. యేసు సాక్షిగ కొట్ట" అన్నాడు. పీకిన కంపను తనే మళ్లీ పాతాడు.

నువ్వు బతికున్నందుకు చిన్నాయన నీమీద చాలా కోపంగా ఉన్నాడు. అవ్వ మాత్రం కంబళి కప్పుకొని, "చిన్నోడు కొట్టిండు. ఇగ పెద్దోడు కలిస్తె సాలు" అంటోంది. మాట సరిగ్గా రావడం లేదు. కాళ్లకు నీరు దిగింది. ఇప్పుడన్నా రాయి. ఇప్పుడన్నా.

మరియ


ఊరి పేరు రాయకూడదు,
డిసెంబరు 1941.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం మావాళ్లకు చదివి వినిపించాను. నా చావుడప్పు సంగతి విని పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. దీపం ఆర్పాక నవ్వు రాలేదు. ఇక్కడ ఇసుకలో రోజూ ఎవరో ఒకరు పోతున్నారు, ఎవరికీ ఏ డప్పు దెబ్బా లేదు, ఈల ఊది గుంత తీస్తారు. నేను పోతే నాకోసం చేతులు చీరుకొని కొట్టే మనిషి ఒకడున్నాడని తెలిసింది. ఆ మనిషి నేను పోనందుకు అలిగాడు. ఈ ఇంట్లో పుట్టడమే నా తప్పు.

మూట సంగతి నాకు నిజంగా తట్టలేదు. సిద్ధిరాములు తోడున్నాడు కదా అనుకున్నాను.

ఇదిగో ఉత్తరం. ఇద్దరికీ ఒకే కాగితం, చించి పంచుకోకుండా నువ్వే పట్టుకొని చదువు. కంప దగ్గర నిలబడి, ఇద్దరినీ చెరోవైపు నిలబెట్టి చదువు.

"బాపుకు, చిన్నాయనకు స్వామిదాసు దండాలు. ఎవరి వైపు అని అడిగారు. నేను అవ్వ వైపు. చిన్నాయనా, నువ్వు పటేలుకు కొట్టనన్నావు, అది సరైన మాట, నేను తిరిగివస్తే నేనూ కొట్టను. బాపూ, డప్పు తాత చేతిదన్నావు, అదీ సరైన మాట. ఇంక వాదించేదేముంది? చిన్నాయనా, నాకు కొట్టినవాడివి అవ్వకు కొట్టవా? నేను నీ అన్న కొడుకును మాత్రమే, ఆమె నిన్ను కన్నది. బాపూ, ఆయన కొడితే నువ్వు నోరు మూసుకొని పక్కన కొట్టు. గెలిచానని నవ్వితే నేను ఇంటికి రాను. ఇక్కడ ఒక దేశంవాళ్లు ఒకరినొకరు చంపుకొని, ఎవరి మాట వాళ్లదే పట్టుకొని ఓడలెక్కి పోయారు. వాళ్లను మోసి మోసి నా భుజాలు కాయలు కట్టాయి. ఇంటికి వచ్చి మిమ్మల్ని కూడా మోయలేను."

ఎండాకాలానికి సెలవు ఇస్తామంటున్నారు. అవ్వను ఉండమను.

స్వామిదాసు


కామారెడ్డి,
ఫిబ్రవరి 1942.

తమ్ముడు స్వామిదాసుకు,

అవ్వ లేదు. జనవరిలో, మంచు పడుతున్న పొద్దున పోయింది. నీ కాగితం ఆ తరువాత వచ్చింది.

మొదటినుంచీ రాస్తాను, లేకపోతే నీకు ఇంకెవరో ఇంకోరకంగా రాస్తారు. ముందు రోజు మేము కబురు విని పోయాం, నేనూ మీ బావా. అవ్వ నన్ను గుర్తుపట్టింది. వాళ్లిద్దరూ మంచానికి అటొకడు ఇటొకడు కూర్చున్నారు. ఆమె ఇద్దరి చేతులూ పట్టుకొని దగ్గరికి లాగాలని చూసింది, బలం చాలలేదు. ఇద్దరూ ఏడ్చారు, విడివిడిగా.

పొద్దున స్నానం చేయించాం, కొత్తచీర కట్టాం. నీ కంబళి కప్పాం. నాగిరెడ్డిపేటకు నాట్లకు పోయినవాళ్లు కూడా పని వదిలి వచ్చారు. రెండు పక్షాలూ వచ్చాయి, రెండు గుంపులుగా కూర్చున్నాయి. బాపు గడ్డిమంట వేసి రెండు డప్పులు కాచాడు. ఒకటి తన ముందు పెట్టుకున్నాడు, ఒకటి పక్కన పెట్టాడు. "ఆడు పడ్తెనే నేను పడ్త" అన్నాడు. చిన్నాయన తలెత్తలేదు. "యేసు సాక్షిగ అన్న. మాట తప్ప" అన్నాడు. చేతిలో పాటల పుస్తకం ఉంది. బల్లకు రావద్దనిపించుకున్నవాడు పాట ఎత్తవచ్చో లేదో తెలియక పాడనూ లేదు.

పొద్దు నెత్తిమీదికి వచ్చింది. అటు వాలింది. కాచిన డప్పులు చల్లారితే బాపు మళ్లీ కాచాడు. నేను బాపు కాళ్లు పట్టుకున్నాను, చిన్నాయన కాళ్లు పట్టుకున్నాను. చిన్నమ్మ రాజమణి మొగుడిని అందరిముందూ తిట్టింది. పెద్దమనుషులు చెప్పారు. అవ్వ అట్లాగే పడుకొని ఉంది, ఈగలు ముసురుతున్నాయి. తోలుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది, స్వామీ. ఎన్నేళ్లు వీళ్లను బతిమాలాను! ఎన్ని ఉత్తరాలు రాశాను! లేచి బాపు పక్కనున్న డప్పు తీసి మెడలో వేసుకున్నాను.

ఆడది డప్పు పట్టడం మన వాడలో ఎవరన్నా చూశారా? పంతులమ్మ పట్టడం చూశారా? మీ బావ, "మరియా, ఏంది గది?" అన్నాడు. కొట్టాను. నాకు వచ్చింది ఒక్కటే దెబ్బ, చిన్నప్పుడు ఊరేగింపుల వెనుక నువ్వూ నేనూ రేకుడబ్బాల మీద వాయించేవాళ్లం చూడు, అది. పెండ్లి దెబ్బ. అవ్వ శవం పక్కన నిలబడి పెండ్లి దెబ్బ కొట్టాను. కావాలనే కొట్టానని ఇప్పుడు అందరూ అంటున్నారు. కాదు. నాకు వేరేది రాదు.

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బాపు ఎగిరి లేచాడు. "గది పెండ్లి దెబ్బనే పిచ్చిదానా!" అని అరిచాడు. అదే క్షణాన అటునుంచి చిన్నాయన, "చిర్ర గట్ల పడ్తరా? ఇటు తే!" అంటూ వచ్చి నా చేతుల్లోంచి చిర్రనూ సన్నపుల్లనూ గుంజుకున్నాడు. డప్పు నా మెడలోంచి తీసి తన మెడలో వేసుకొని, "గిట్ల" అని ఒక దెబ్బ కొట్టి చూపించాడు. బాపు తన డప్పు అందుకొని, "గట్లగాదు, అవ్వకు మెల్లగ ఎత్తుకోవాలె, గిట్ల" అని ఇంకోటి కొట్టాడు. "నాకు జెప్తవా?" అన్నాడు చిన్నాయన. నాకు నేర్పుతున్నామనుకుంటూ ఇద్దరూ కొట్టారు. ఎక్కడ నేర్పడం ఆగిందో, ఎక్కడ కొట్టడం మొదలైందో నేను చెప్పలేను. పాడె లేచింది. గుంతదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. కంప ఎవరు పీకారో తెలియదు, జనం నడిచి తొక్కేశారు.

మరునాడు మళ్లీ మొదలయింది. చిన్నాయన, "పిల్ల తప్పు కొడ్తుంటె ఆపెతందుకు పట్టిన, అది కొట్టుడు గాదు" అని మందిరంలో చెప్పుకున్నాడు. బాపు ఈసారి నవ్వలేదు, నోరు మూసుకున్నాడు. మన జన్మలో అదే మొదటిసారి. ఉపదేశిగారు చిన్నాయనను మన్నించారు. నన్ను మన్నించలేదు. బడికి రావద్దని కబురొచ్చింది. మీ బావ రెండు రోజుల తరువాత, "మంచిగనే కొట్టినవ్, జర చెయ్యి తిరగాలె" అన్నాడు.

నీ కాగితం చెప్పినట్టే ఇద్దరినీ నిలబెట్టి చదివాను. చిన్నాయన విని కళ్లు తుడుచుకొని, "జర ముందుగాల రాస్తె ఏమాయె?" అన్నాడు. బాపు, "ఆడు యుద్ధంల ఉండె. నీకు సదువు రాదా, నువ్వే ఆనికి మల్ల రాయకపోతివి" అన్నాడు. దానిమీద ఇప్పుడు కొట్లాట.

అవ్వ అడిగింది జరిగింది కదా అని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. జరిగింది. ఊరంతా నిలబడి విన్నది. పటేలు ఇంటివాళ్లు కూడా గోడ దగ్గరికి వచ్చి విన్నారు. వినవలసిన మనిషి వినలేదు. ఈ ఏళ్లన్నిటిలో తన చిన్నకొడుకు చేతి దెబ్బ అవ్వ చెవులతో విన్నది ఒక్కసారే, అదీ నీ చావుకు, నువ్వు చావనే లేదు. నువ్వు ఎండాకాలం వచ్చినప్పుడు వాళ్లతో మెత్తగా మాట్లాడు. నావల్ల కాదు. ఆ రోజు వాళ్లిద్దరూ ఎంత బాగా కొట్టారంటే, వెనుక నడుస్తూ నాకు ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. ఏదో ఒక దెబ్బ, పండుగదో పెండ్లిదో, ఆమె మంచం పక్కన నిలబడి, ఆమె బతికుండగా ఒక్క పూట కొట్టి ఉంటే ఏం పోయేది తమ్ముడూ వీళ్లకు?

నీ అక్క,
మరియ